అల్లం బిస్కెట్లు, ఆకుపచ్చ సబ్బు

మూడో వాయ ఓవెన్‌లోంచి తీసేసరికి ఆరున్నర దాటింది. వెర్లీన్ టటిల్ పళ్లేన్ని పొయ్యి మీదికి దించి, మసిగుడ్డ భుజాన వేసుకుని, బిస్కెట్లు చల్లారేదాకా అలాగే నిలబడింది. కూర్చుంటే మోకాళ్లు మళ్లీ లేవనిస్తాయన్న నమ్మకం లేదు. డెబ్బై ఒక్కేళ్ల మోకాళ్లవి. అందులో ఇరవై ఏడేళ్లు నార్ఫోక్ రేవు దగ్గర నావికుల బట్టలుతికే లాండ్రీలో, సిమెంటు గచ్చు మీద, ఇస్త్రీ యంత్రం ముందు గడిచిపోయాయి. ఆ యంత్రం కాల్చిన మచ్చ ఎడమ ముంజేతి మీద ఇంకా ఉంది. మనిషి పొట్టి. భుజాలు వెడల్పు. నెరిసిన జుట్టు చెవుల దాకా కత్తిరించి ఉంటుంది. బజార్లో ఆమెను చూసినవాళ్లు రెండోసారి తలతిప్పి చూసిన దాఖలా లేదు. చూడాలని ఆమె కూడా ఎన్నడూ కోరుకోలేదు.

బల్ల మీద ఆరు రేకు డబ్బాలు మూతలు తీసి వరసగా ఉన్నాయి. ఒక్కో డబ్బాలో అడుగున నీలం గళ్ల కాగితం పరిచి, దాని మీద అల్లం బిస్కెట్లు పేర్చడం మొదలుపెట్టింది. వరసకు ఆరు, నాలుగు వరసలు. పైన ఒక తెల్ల రొట్టె ముక్క. బిస్కెట్లు గట్టిపడకుండా ఆ ముక్క కాపాడుతుంది. తానెండిపోయి వాటిని మెత్తగా ఉంచుతుంది. ఇది వెర్లీన్‌కు వాళ్లమ్మ నేర్పిన పని. ఆఖరున పక్కన మిగిలిన సందులో ఒక ఆకుపచ్చ సబ్బుబిళ్ల నిలువుగా దూర్చి మూత బిగించింది. ఇది మాత్రం ఎవరూ నేర్పలేదు. నలభై తొమ్మిదేళ్ల కిందట కొత్త పెళ్లికొడుకు హోయిట్ పెళ్లయ్యాక వెళ్లిన మొదటి ప్రయాణంలో రాసిన మొదటి ఉత్తరంలో, ఓడలో ఇచ్చే సబ్బుకు బాయిలర్ నూనె కంపు వదలడం లేదని, ఇంట్లో వాడే ఆకుపచ్చ సబ్బు పంపమని అడిగాడు. సబ్బు పట్టేంత చోటు డబ్బాలో ఉంది. పెట్టింది. అప్పట్నుంచి పెడుతూనే ఉంది.

ఓడకు వెళ్లే పెట్టె నెలకు తక్కువ పట్టదు, ఒక్కోసారి రెండు నెలలు. ఎండలో, గోదాముల్లో, విమానాల కడుపుల్లో నలిగి, ఓడ ఏ సముద్రంలో ఉంటే అక్కడికి దాని వెనకే పరుగెత్తాలి. కేకులు పాచిపోతాయి, చాక్లెట్లు కరిగిపోతాయి. అల్లం, బెల్లప్పాకం వేసిన బిస్కెట్టు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. అలాగని ఆమె ఎన్నడూ ఒకదాన్ని రెండు నెలలు దాచి తిని చూడలేదు. పంపేవాళ్లకు ఆ అవసరం ఏముంటుంది?

ముందుగదిలో ఆక్సిజన్ యంత్రం గుర్రుగుర్రుమంటోంది. నవంబర్ నుంచీ ఆ చప్పుడే. మొదటి వారం నిద్రపట్టలేదు. ఇప్పుడు అది ఉన్నట్టే తెలియదు. హోయిట్ మంచం మీద పడుకోలేడు. పడుకుంటే ఊపిరాడదు. కిటికీ పక్కన పెద్ద వాలుకుర్చీలో రాత్రింబవళ్లు కూర్చునే ఉంటాడు. ఇరవై రెండేళ్లు ఓడల అడుగున, బాయిలర్ గొట్టాలకు చుట్టిన తెల్లటి ఆస్బెస్టాస్ పీచుదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులవి. ఒకప్పుడు గుమ్మంలో నిలబడితే వెలుతురు ఆగిపోయేది. ఇప్పుడు చొక్కా అతని మీద ఆరేసినట్టుంది.

వెర్లీన్ చిన్న సాసర్లో వేడి బిస్కెట్టు ఒకటి తెచ్చి పక్క స్టూలు మీద పెట్టింది.

"ఎన్ని?" అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తెచ్చుకోవాలి కాబట్టి ఈమధ్య ఒక్కో మాటతోనే సరిపెడుతున్నాడు.

"ఆరు డబ్బాలు."

"ఏ ఓడ?"

"అక్టోబర్లో వెళ్లిందే. ఇవ్వాళ సగం దారి పెట్టెలు."

తలాడించాడు. బిస్కెట్టు అంచు కొరికి, నమిలి, మిగిలింది సాసర్లో పెట్టేశాడు. రోగం వల్ల అనుకోవడానికి లేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడూ అంతే. ఓడ దిగి ఇంటికొచ్చినప్పుడల్లా ఆమె ఓవెన్‌లోంచి పొగలు కక్కేవి తెచ్చి ఎదురుగా పెట్టేది. అతను ఒకటి తినేవాడు, రెండోదాని జోలికి వెళ్లేవాడు కాదు. తీపి గిట్టని మనిషని ఆమె తీర్మానించుకుంది. అయితే సముద్రం మీంచి వచ్చే ప్రతి ఉత్తరంలోనూ రెండే ముక్కలు తప్పకుండా ఉండేవి. బిస్కెట్లు అందాయి. బాగున్నాయి. తొమ్మిది ప్రయాణాలు, ఆ రెండు ముక్కలే. హోయిట్ అబద్ధాలు చెప్పే మనిషి కాదు. నిజాలూ పెద్దగా చెప్పడు.

ఎనిమిదింటికి నర్సమ్మాయి వచ్చింది. పోయిన శుక్రవారం వంటింట్లో ఆ అమ్మాయే గొంతు తగ్గించి, "వారం అండీ, మహా అయితే రెండు" అని చెప్పింది. వెర్లీన్ తలూపి, కాఫీ తాగుతావా అమ్మా అని అడిగింది. ఆ తర్వాత కూడా లోపల ఏమీ కదల్లేదు. దంతాల డాక్టరు సూది ఇచ్చాక బుగ్గ ఎలా ఉంటుందో అలా ఉంది ఆమెకు, ఒళ్లంతా.

డబ్బాలు రెండు సంచుల్లో సర్దుకుని, కోటు వేసుకుని, "మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా" అని చెప్పి బయలుదేరింది. హోయిట్ కుర్చీ చేతి మీంచి రెండు వేళ్లు ఎత్తాడు. ఓడ కదిలేటప్పుడు పై అంతస్తు మీద నిలబడి కూడా ఆ రెండు వేళ్లే ఎత్తేవాడు. రేవులో మిగతా ఆడవాళ్ల మొగుళ్లు రెండు చేతులూ ఊపుతుంటే ఆమెకు కొంచెం నామోషీగా ఉండేది.

*

చర్చి కింద, నేలకన్నా నాలుగు మెట్లు దిగువన ఉంటుంది హాలు. పొడుగాటి బల్లలు, తలమీద గొట్టపుదీపాలు, ఒక మూల ఎప్పుడూ మరుగుతూ ఉండే కాఫీ. ముప్ఫై ఏళ్లుగా ప్రతి మంగళవారం వెర్లీన్ ఇక్కడే. హోయిట్ కొలువు ముగించి ఇంటికి వచ్చేశాక పెట్టెలు కట్టడానికి ఆమెకు ఎవరూ మిగల్లేదు. చేతులు ఊరుకోలేదు. అందుకని ఇక్కడికొచ్చింది.

సగం దారి పెట్టెలంటే ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఓడ వెళ్లి నాలుగు నెలలైంది, ఇంకో ఆరు నెలలుంది. సరిగ్గా నడిమధ్యన అందేలా ప్రతి ఒక్కరికీ ఒక పెట్టె. అక్కడ అది తెరిచిన రోజు నుంచి ఇంటి వైపు లెక్క మొదలవుతుంది. మొదటి బల్ల దగ్గర అట్టపెట్టెలు మడుస్తారు. తర్వాత సాక్సులు, పేకముక్కలు, పళ్ల పేస్టు, కాఫీ పొట్లాలు. సందుల్లో వస్తువులు కదలకుండా పేలాలు పోస్తారు. ఆఖరి బల్ల దగ్గర ఓపల్ విన్‌స్టెడ్ టేపు వేసి, లోపల ఏమేమున్నాయో ఫారం నింపుతుంది. ఓడ పేరు, ఒక నంబరు తప్ప అడ్రసు ఉండదు. అది ఏ నీళ్ల మీద ఉందో రాయకూడదు, రాద్దామన్నా ఎవరికీ తెలియదు.

వెర్లీన్ డబ్బాలు ఆరే ఆరు పెట్టెల్లోకి వెళతాయి. ఓడలో ఫాదర్ ప్రతిసారీ ఆరు పేర్లు పంపిస్తాడు. ఇంటి నుంచి ఒక్క ఉత్తరం కూడా రానివాళ్లు. తల్లి లేనివాళ్లు, పెళ్లాం వదిలేసినవాళ్లు, అసలెవరూ లేనివాళ్లు. ఆ ఆరుగురి బాధ్యత వెర్లీన్‌ది. ఎవరు అప్పగించారంటే చెప్పడం కష్టం. ఆమే తీసుకుంది, ఎవరూ కాదనలేదు. ఆ పేర్లను ఒక కాగితం మీద స్వయంగా రాసుకుని, ఒక్కొక్కటి చదువుతూ డబ్బా పెడుతుంది. ముప్ఫై ఏళ్లలో వాళ్లలో ఒక్కడి మొహం కూడా చూడలేదు.

"హోయిట్ ఎలా ఉన్నాడు?" అంది ఓపల్, టేపు పళ్లతో తెంపుతూ. నలభై ఏళ్ల స్నేహితురాలు. పక్క పక్క ఇస్త్రీ యంత్రాల మీద పనిచేశారు.

"ఉన్నాడు."

"నువ్వు?"

"ఉన్నా."

ఓపల్ తర్వాతి పెట్టె దగ్గరికి లాక్కుంది.

ఆ రోజు హాల్లో ఒక కొత్త మొహం ఉంది. మారిసోల్ అబాద్ అట. ఏడోనెల కడుపుతో, కుర్చీలో వెనక్కి వాలి పేలాలు పోస్తోంది. నిరుడి దాకా తనూ ఆ ఓడ మీదే వంటశాలలో పనిచేసిందట. మొగుడు ఇప్పుడు కూడా అక్కడే ఉన్నాడు. నోరు మంచిదే గానీ దానికి తలుపు లేదు. వచ్చిన గంటలో తన మొగుడి గురకల దగ్గర్నుంచి ఓడ కెప్టెన్ వేసుకునే గళ్ల పైజామా దాకా అన్నీ చెప్పేసి, ముసలమ్మలందరినీ నవ్వించింది.

"మిస్ వెర్లీన్, అదేంటది? ఇలా ఇవ్వండి, నేను పెడతా" అని చెయ్యి చాపి, ఒక డబ్బా అందుకుని, ఆగలేక మూత తీసింది. నీలం గళ్ల కాగితం చూసింది. పక్కన నిలబెట్టిన ఆకుపచ్చ సబ్బు చూసింది.

"అయ్య బాబోయ్! ఇవి మీరా?" పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "సబ్బు బిస్కెట్లావిడ మీరా! మేమందరం ఎవరో ఏంటో అనుకునేవాళ్లం. ఓడంతా ఫేమస్ మీరు! పేకాటలో ఓడినవాడు ఒకటి తినాలి, మధ్యలో నీళ్లు తాగకూడదు. మా ఆయన ఒకసారి వరసగా మూడు తిన్నాడు. రెండ్రోజులు తేన్పుల్లో నురగొస్తోందని—"

అప్పటికి గానీ ఆ పిల్లకు హాల్లో ఇంకెవరూ నవ్వడం లేదని తెలియలేదు. నాలిక కరుచుకుంది. కాఫీ పాత్ర మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"సబ్బు బిస్కెట్లు అంటే?" అంది వెర్లీన్.

మారిసోల్ మొహంలో నెత్తురు లేదు. "అంటే... ఒకే డబ్బాలో కదండీ. నెల రోజులు మూసి ఉంటుంది కదా. వాసన పట్టేస్తుంది. తినే వాటితో సబ్బు కట్టకూడదని మా బ్యారక్‌లో మొదటిరోజే చెప్తారు మాకు." "కానీ బావుంటాయండీ. అల్లం అది... బాగా తెలుస్తుంది."

వెర్లీన్ ఓపల్ వైపు చూసింది. ఓపల్ టేపు చుట్టలో అంచు వెతుక్కుంటోంది. అంచు కనబడుతూనే ఉంది, అయినా వెతుక్కుంటోంది.

"నీకు తెలుసా?"

"రెండు ఉత్తరాలొచ్చాయి" అంది ఓపల్ నెమ్మదిగా. "ఎప్పుడో, పదకొండేళ్లైంది. సొరుగులో పడేశాను. నా చేతికి ముందు చిక్కిన డబ్బాల్లోంచి సబ్బు తీసేసి పక్కన కట్టేదాన్ని. అన్నీ నా చేతికే వస్తాయా? తుంటి ఆపరేషనప్పుడు నేను ఆరు నెలలు రాలేదు కదా."

"నాకు చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పమంటావే? నీకున్నది అదొక్కటేనాయె."

అనేశాక ఓపల్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ వెర్లీన్‌కు కోపం రాలేదు. మాట నిజమే. పిల్లల్లేరు. లాండ్రీ ఎప్పుడో మూసేశారు. నిజం విన్నప్పుడు రావలసిన నొప్పి కూడా రాలేదు. పేర్ల కాగితం మడతలు సాపు చేసింది. ఆరుగురు. ఎవరూ లేని ఆరుగురు. వాళ్లకొచ్చే ఒకే ఒక్క పెట్టె ఇన్నేళ్లూ పేకాటలో శిక్షైంది.

"తియ్యి" అంది.

ఓపల్ లేచి వచ్చి, ఒక్కొక్క డబ్బా మూత తీసి సబ్బులు బయట పెట్టింది. మారిసోల్ కళ్లనీళ్లు తుడుచుకుంటూ వాటిని విడి సంచుల్లో చుట్టి పెట్టెల అడుగున సర్దింది. ఆరో డబ్బా ఎంత నొక్కినా పెట్టెలో దిగలేదు. కాఫీ పొట్లాలు ఎక్కువైపోయాయి. దానికి బదులు కొన్న బిస్కెట్ల పొట్లం పెట్టేస్తానని ఓపల్ అంది. వెర్లీన్ సరేనంది. ఆ డబ్బా సంచిలో వేసుకుంది. దాని సబ్బు కోటు జేబులో వేసుకుంది. పన్నెండింటి దాకా అందరితో పాటే నిలబడి సాక్సులు జతలు పెట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

*

ఇంటికి వెళ్లే దారి సగం దూరం నీళ్ల పక్కనే. రేవులో బూడిదరంగు ఓడలు రెండు నిలబడి ఉన్నాయి. మామూలుగా ఆమె వాటివైపు చూడదు. ఎర్రదీపం దగ్గర కారాపి చూసింది.

ఎవరెవరో కుర్రాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ. అది ఆమెను అంతగా తాకలేదు. తాకిందల్లా హోయిట్. తొమ్మిది ప్రయాణాలు. నెలకు రెండు డబ్బాలు. లాండ్రీలో నిలబడి వచ్చి, కాళ్లు వాచిపోయి, రాత్రి పిండి కలిపి, తెల్లవారి కాల్చి పంపినవి. ఉత్తరాల్లో మాటలు పొదుపు, ఫోన్లలో మాటలు పొదుపు, ఇంటికొచ్చాక ఇంకా పొదుపు. పెళ్లాం మీద ప్రేమ ఉన్నదీ లేనిదీ పైకి తెలియని మనిషి. తన వైపు నుంచి మాత్రం చెప్పవలసింది ప్రతి పదిహేను రోజులకూ రేకు డబ్బాలో కట్టి పంపుతున్నానని ఆమె అనుకుంది. అది అందుతోందనీ, అతను తింటున్నాడనీ అనుకుంది. ఆ ఒక్క ధైర్యం మీదే బతికిందని ఇప్పుడు తెలుస్తోంది. మరి అతను వాటిని రైలింగు మీంచి సముద్రంలోకి విసిరేశాడా? పారేసి, ఇంటికి మాత్రం బాగున్నాయని రాశాడా? వెనక కారు హారను కొట్టింది. దీపం పచ్చబడి ఎంతసేపైందో మరి.

అడగడానికి వారం ఉంది. మహా అయితే రెండు.

ఇంటికొచ్చేసరికి నర్సమ్మాయి సంచి సర్దుకుని ఉంది. ఆపిల్ గుజ్జు రెండు చెంచాలు తిన్నాడంది. నాడి కొంచెం తేడాగా ఉందనీ, ఏదైనా అయితే వెంటనే ఫోన్ చెయ్యమనీ చెప్పి వెళ్లిపోయింది. వెర్లీన్ కోటు విప్పలేదు. పొద్దున్నటి సాసర్ తీసింది. అంచు కొరికిన బిస్కెట్టు అలాగే ఉంది. దాన్ని చూస్తూ కుర్చీ పక్క స్టూలు మీద కూర్చుంది.

"హోయిట్."

"ఊఁ."

"నేను పంపిన బిస్కెట్లు సబ్బు వాసన వచ్చేవా?"

కళ్లు తెరవలేదు. యంత్రం నాలుగైదు సార్లు గుర్రుమంది. తర్వాత పెదవి ఒక పక్క కదిలింది.

"ఎవరు... చెప్పారు?"

"ఎవరో చెప్పార్లే. వచ్చేవా, లేదా?"

"కంపు" అన్నాడు. "మొదటిది... కక్కుకున్నా."

ఆమె సాసర్ స్టూలు మీద పెట్టింది. మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"మరి పారేసేవాడివా? నిజం చెప్పు. నేనేమీ అనుకోను. సముద్రంలో పారేసేవాడివా?"

"పిచ్చిదానా" అన్నాడు హోయిట్.

ఇప్పుడు కళ్లు తెరిచాడు. చెప్పాలనుకున్నది పెద్దది. దానికి కావలసిన ఊపిరి ఎంతో లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు పైకప్పు వైపు చూశాడు.

"బాయిలర్ గదిలో... పదకొండు మందిమి. ఎవడికి పెట్టె వచ్చినా... బల్ల మీద పెట్టాల్సిందే. అది... రూలు. అందరి చేతులూ... అందులోనే. నిమిషంలో ఖాళీ. వచ్చినోడికి... కాగితం మిగిలేది."

"నీది?"

"ఒక్కొక్కటి కొరికారు... వెధవలు. పరుగో పరుగు." నవ్వబోయాడు. అది దగ్గై, దగ్గు చాలాసేపు తగ్గలేదు. ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. చొక్కా కింద ఎముకలు తగిలాయి. "తర్వాత్తర్వాత... నా డబ్బా వస్తే... ఎవడూ కన్నెత్తి చూడలేదు. మొత్తం... నాదే."

"తిన్నావా?"

"ఇరవై నాలుగు. డ్యూటీకి ఒకటి... దిగాక... నా బెర్తు మీద. ఒక్కటి కూడా... పోనివ్వలేదు."

"నాకెందుకు చెప్పలేదు మరి?"

"చెబితే..." ఊపిరి అందుకున్నాడు. "సబ్బు... విడిగా కట్టేదానివి."

చాలాకాలానికి వెర్లీన్‌కు లోపల ఏదో కదిలింది. అది సంతోషమో, నలభై తొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చిన కోపమో ఆమెకు తేలలేదు. నోరు తెరిస్తే రెండూ కలిసి బయటపడతాయేమోనని గట్టిగా మూసుకుంది. సాసర్ అతని వైపు జరిపింది.

"ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఒక్కటికి మించి ముట్టలేదు కదా నువ్వు."

"ఏదో..." అన్నాడు, సాసర్ వైపు చూపు తిప్పి. "తక్కువనిపించేది."

ఆమె జేబులో చెయ్యి పెట్టుకుంది. సబ్బుబిళ్ల తగిలింది.

"ఇవ్వాళ ఒక డబ్బా మిగిలింది."

"సబ్బుందా?"

"ఉంది."

"పెట్టు."

"వాసన పట్టడానికి నెల పడుతుంది, హోయిట్."

"నెలెక్కడిదే..." అన్నాడు. "ఓ గంట పెట్టు. కాగితం... విప్పి పెట్టు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. సబ్బు మీది కాగితం విప్పింది. ఆకుపచ్చ బిళ్ల, మధ్యలో తెల్లటి చార. దాన్ని పక్క సందులో నిలబెట్టింది. అలా అయితే గంటలో ఏం పడుతుందని మళ్లీ తీసి, రొట్టె ముక్క ఒక పక్కకు జరిపి, బిస్కెట్ల నడిమధ్యన పడుకోబెట్టింది. మూత అరచేత్తో చుట్టూ నొక్కి బిగించింది. ఓవెన్ గడియారాన్ని గంటకు తిప్పింది. ఇన్నేళ్లలో ఓడకు కాకుండా, ఇంట్లో తినడానికి ఆమె కట్టిన మొదటి డబ్బా అదే.

తిరిగి వచ్చేసరికి హోయిట్ కళ్లు మూసుకున్నాడు. దుప్పటి జారితే సర్దింది. ఆరేసిన బట్టల బుట్ట తెచ్చుకుని స్టూలు మీద కూర్చుని మడతలు పెట్టడం మొదలుపెట్టింది. అతని చొక్కాలు లాండ్రీలో మడిచినట్టే మడుస్తుంది. చేతులు వెనక్కి, అడుగు పైకి, కాలరు ముందుకు. కిటికీలోంచి ఫిబ్రవరి ఎండ నేల మీద పడి, మెల్లగా కుర్చీ కాలి దాకా వచ్చింది. ఒకసారి అతను రెండు వేళ్లు కొంచెం ఎత్తినట్టనిపించింది. నిద్రలో కాబోలు అనుకుని చొక్కా మడత ముగించి పక్కన పెట్టింది.

ఐదో చొక్కా దగ్గర ఆమె చేతులు ఆగాయి. ఎందుకాగాయో వెంటనే తెలియలేదు. యంత్రం గుర్రుగుర్రుమంటూనే ఉంది. కానీ ఆ చప్పుడు కింద ఇంకొక చప్పుడుండేది. గరగరమని లోపలికి, బరబరమని బయటికి. నవంబర్ నుంచి దాన్ని కూడా వింటున్నానని ఆమెకు ఇప్పుడే తెలిసింది. అది లేదు.

లేచి అతని ముందు నిలబడింది. చెంప మీద చెయ్యి పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది. ముక్కు దగ్గర గొట్టం ఒంకరగా ఉంటే సరిచేసింది. తర్వాత అది సరిచేయవలసిన పని లేదని గుర్తొచ్చింది. యంత్రం మీట నొక్కింది. అది ఒక్కసారి కుదుపుతో ఆగిపోయింది. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉండగలదో నాలుగు నెలల తర్వాత మొదటిసారి వినిపించింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. వెళ్లి స్టూలు మీద కూర్చుని, చేతిలో సగం మడిచిన చొక్కా ఒళ్లో పెట్టుకుంది. నర్సమ్మాయికి ఫోన్ చెయ్యాలి. ఓపల్‌కి చెయ్యాలి. ఇంకాసేపాగి చేద్దాం అనుకుంది.

వంటింట్లో ఓవెన్ గడియారం గంట కొట్టింది.

ఆమె లేచింది. మోకాళ్లు లేవనిచ్చాయి. వంటింట్లోకి వెళ్లి గడియారం మీట నొక్కి మోత ఆపింది. అలవాటు కొద్దీ గూట్లోంచి సాసర్ తీసింది. కాసేపు పట్టుకుని నిలబడి, మళ్లీ గూట్లో పెట్టేసింది. ఫోన్ ముందుగదిలో ఉంది. అటు వెళ్లిపోయింది.

బల్ల మీద రేకు డబ్బా మూత బిగించే ఉంది. లోపల ఇరవై నాలుగు అల్లం బిస్కెట్లు, ఎండడం మొదలుపెట్టిన రొట్టె ముక్క, మధ్యన కాగితం విప్పిన ఆకుపచ్చ సబ్బు.